అర్థం కాకపోతే తెలుగులో అడగొచ్చా?

2022 వేసవి. కరోనా మూయించిన బడులన్నీ పూర్తిగా తెరుచుకుని, పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని తల్లిదండ్రులు తిరుగుతున్న రోజులు. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఉన్న ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో నేను అడ్మిషన్ కౌన్సెలర్‌ని. పేరు బరువుగా ఉంటుంది గానీ పని చిన్నదే. బడి చూడ్డానికి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్లని చేర్పించుకోవడం. పోర్టు ఆఫీసర్లు, థర్మల్ ప్లాంటు ఇంజనీర్లు, నెల్లూరు వ్యాపారులు, అల్లూరు వైపు రొయ్యల రైతులు వస్తుంటారు. ఇన్నేళ్లలో ఎన్ని కుటుంబాలతో మాట్లాడానో లెక్కలేదు. ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చే ముందు ఏం తెలుసుకోవాలి అని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఒక్క కుటుంబమే గుర్తొస్తుంది. వాళ్ల దగ్గర నేను తప్పు చేశాను.

మస్తానయ్య గారిది అల్లూరు అవతల ఒక పల్లె. రొయ్యల గుంటలు సాగు చేస్తారు. ఆయన చదువు పదితో ఆగింది, భార్య కామాక్షిది ఐదుతో. ఒక మంగళవారం పొద్దున ఇద్దరూ కూతురు భవ్యని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్ల వాళ్ల దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి పూర్తిచేసింది. లెక్కల్లో దిట్ట అని తండ్రి చెబుతుంటే తల వంచుకుని తన చెప్పుల వంక చూసుకుంది. మస్తానయ్య గారి చొక్కా కొత్తది, పెట్టెలోని మడతలు ఇంకా పోలేదు. మా బడికి రావడానికే కొన్నారని తెలుస్తూనే ఉంది.

వచ్చినవాళ్లకి నేను 'క్యాంపస్ టూర్' చేయిస్తాను. అంటే బడంతా తిప్పి చూపించడం. అందులో ఒక వరస ఉంది, అది నేను పెట్టిందే. ముందు ఈతకొలను, తర్వాత ఏసీ గదులు, ఆపైన రోబోటిక్స్ ల్యాబు, చివర్లో లైబ్రరీ. ఈతకొలను దగ్గరే సగం మంది మెత్తబడిపోతారు. పాఠం జరుగుతున్న క్లాసులోకి మాత్రం ఎవరినీ తీసుకెళ్లే అలవాటు లేదు. మస్తానయ్య గారు కొలను అంచున నిలబడి చాలాసేపు చూశారు. "ఈ నీళ్లు ఎన్నాళ్లకి మారుస్తారు మేడమ్?" అన్నారు. ఆ రోజు మా బడి గురించి ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే.

"ఇంకేమైనా అడగాలా అండీ?" అన్నాను, ఫారం తీస్తూ.

"మీరుండారు గదా మేడమ్. సదువు చెప్పేవాళ్లని మేము అడిగేదేముంటాది?"

అడిగింది పిల్లే. లైబ్రరీ గుమ్మం దగ్గర వెనకబడి, అమ్మానాన్నలు నాలుగడుగులు ముందుకు పోయేదాకా ఆగి, నా చున్నీ అంచు పట్టుకున్నంత దగ్గరికి వచ్చి అడిగింది.

"మేడమ్, ఈడ అర్థం కాకపోతే తెలుగులో అడగొచ్చా?"

మా బడిలో ఐదో తరగతి దాటితే 'ఇంగ్లీష్ ఓన్లీ జోన్'. తెలుగు పీరియడ్‌లో తప్ప ఇంకెక్కడ తెలుగు మాట వినబడినా ఆ పిల్ల జట్టుకి పాయింట్లు కోస్తారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. గోడ మీద నియమాల బోర్డు రాయించిందే నేను. "అడగొచ్చమ్మా. ఎందుకు అడక్కూడదు?" అన్నాను. పిల్ల ముఖం విప్పారింది. అప్పటికప్పుడు అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

చేర్చుకునే ముందు 'బేస్‌లైన్ టెస్ట్' పెడతాం. ఇది పాసు, ఫెయిలు చూసే పరీక్ష కాదు, పిల్ల ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి. భవ్య లెక్కలన్నీ చేసేసింది. ఇంగ్లీషులో ఒక పేజీ రాయమంటే నాలుగు వాక్యాలు రాసి పెన్ను కింద పెట్టింది. ఇలాంటి పిల్లల కోసం 'బ్రిడ్జ్ కోర్సు' ఉంటుందని మా కరపత్రంలో ఉంది. రోజూ ఒక గంట విడిగా కూర్చోబెట్టి, భాష అందేదాకా చేయి పట్టుకుని నడిపించడం. అయితే ఆ పని చేసే టీచరు మార్చిలోనే మానేసింది, ఆమె స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. అయినా ఫారంలో 'బ్రిడ్జ్ కోర్సు అందించబడును' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఇంకోటి కూడా ఉంది. మాది అప్పటికి 'క్యాండిడేట్ స్కూల్'. అంటే విదేశీ బోర్డుకి దరఖాస్తు పెట్టుకున్నాం, వాళ్ల గుర్తింపు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా వాళ్ల పరీక్ష లేదు, వాళ్ల సర్టిఫికెట్ లేదు. వచ్చినా సరే, ఆ బోర్డులో పదో తరగతి చదివిన పిల్ల మన ఇంటర్మీడియెట్‌లో చేరాలంటే ఆ చదువు మన పదితో సమానమే అని 'ఈక్వలెన్సీ' కాగితం ఒకటి తెచ్చుకోవాలి. ఇదంతా ఫారం ఏడో పేజీలో చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది. ఆ పేజీని నేను వేలితో నొక్కిపట్టి, సంతకం చేయాల్సిన చోటు మాత్రం చూపిస్తాను. అడగలేదు కాబట్టి చెప్పలేదు, ఇది మా వృత్తిలో ఉన్నవాళ్లం అందరం చెప్పుకునే మాట. ఆ ఏడాది ఏడో తరగతిలో తొమ్మిది మందే ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు రోజూ సాయంత్రం "ఇవాళ ఎంతమంది?" అని అడిగేవారు. భవ్య పదో పిల్ల అయింది.

జూన్‌లో బడి తెరిచారు. నా గది గేటు పక్కనే కాబట్టి బస్సులు దిగే పిల్లలందరూ కనిపిస్తారు. మొదట్లో భవ్య నన్ను చూసి చెయ్యి ఊపేది. ఆగస్టుకల్లా ఊపడం మానేసింది. క్లాస్ టీచరు ఒక రోజు స్టాఫ్ రూములో, "ఆ పిల్లకి మాటలు వచ్చా అని సైన్స్ సార్ అడుగుతున్నారు" అంది. కొత్త కదా, సర్దుకుంటుంది అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మా పద్ధతిలో మార్కుల కంటే 'ఎంక్వైరీ ప్రాజెక్టు'కి విలువ ఎక్కువ. పిల్లలే ఒక ప్రశ్న ఎంచుకుని, వెతికి, క్లాసు ముందు నిలబడి చెప్పాలి. ఆ విడత అంశం నీళ్లు. భవ్య వంతు వచ్చింది. అట్ట మీద బొమ్మలు చక్కగా గీసుకొచ్చింది. క్లాసు ముందు నిలబడింది. ఐదు నిమిషాల పాటు ఒక్క మాట మాట్లాడకుండా నిలబడి, వెళ్లి తన చోట కూర్చుంది. ఎవరూ నవ్వలేదట. నవ్వి ఉంటే ఏడ్చి ఉండేదేమో, కాస్త తేలికపడేదేమో.

సెప్టెంబరులో బడి నుంచి వాళ్లింటికి ఉత్తరం వెళ్లింది, ఇంగ్లీషులో. రెండు రోజులకి మస్తానయ్య గారు, కామాక్షి దాన్ని పట్టుకుని నా గదికే వచ్చారు.

"ఏం రాసినారు మేడమ్? బస్సు డ్రైవర్ని అడిగినా, యాడికో టూరు పోతారేమో అన్నాడు."

చదివాను. పది రోజుల్లోగా నిర్ణయం చెప్పాలి. పిల్లని ఆరో తరగతికి దించడానికి ఒప్పుకోవాలి, లేదా 'ఆమెకు మరింత అనువైన వాతావరణం' చూసుకోవాలి. మీ పిల్లని తీసుకెళ్లిపొండి అనే మాటకి మేము తొడిగే మర్యాద అది. ముక్కముక్కగా తెలుగులో చెప్పాను.

"మా పిల్ల మొద్దు గాదు మేడమ్" అన్నారు ఆయన.

కామాక్షి కళ్లు తుడుచుకుంది. "ఇంట్లో గూడా మాట్లాడేది మానేసింది. అన్నం కావాలంటే చేత్తో చూపిస్తుండాది. దిష్టేమోనని మూడు మార్లు తీసినా. పాత బడికే పోదాం పామ్మా అంటే, ఆడ ఇమడలేక వచ్చిందని అందరూ నవ్వుతారని తలుపేసుకుని ఏడస్తాది."

"ఆ బ్రిడ్జి కోర్సన్నారు గదా మేడమ్. అది చెప్పినాక గూడా ఇట్టనే ఉండాదా?" అని మస్తానయ్య గారు అడిగారు. నిందించడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. కనుక్కుని చెబుతానని నీళ్లు నమిలాను. కనుక్కోవడానికి ఏమీ లేదు.

నేనూ పది దాకా తెలుగు మీడియమే. నెల్లూరులో మా నాన్న దర్జీ. ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ సార్ నన్ను లేపి ప్రశ్న అడిగితే, జవాబు తెలిసి కూడా ఇంగ్లీషు రాక నిలబడిపోయాను. ఆ ఏడాదంతా చివరి బెంచీలోనే కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఊరందరికంటే నాకే ఎక్కువ తెలియాలి. తెలిసే అబద్ధం చెప్పాను. ఆ వారమంతా ఇంట్లో ఏ పనీ సరిగ్గా సాగలేదు. చివరికి మస్తానయ్య గారికి ఫోన్ చేసి, మీ ఇంటికి వస్తానన్నాను.

"ఆదివారం సీడు దిగుతాది మేడమ్. గుంట దగ్గరే ఉంటా. ఆడికే రండి" అన్నారాయన.

తొలి బస్సు పట్టుకుని అల్లూరులో దిగి, ఆటోలో గుంట దగ్గరికి చేరేసరికి ఏడు గంటలు. సీడు అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు, కంటి వెంట్రుకంత ఉంటాయి. వాటిని పొదిగించి అమ్మే హేచరీ వాళ్ల వ్యాను అప్పుడే వచ్చి ఉంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చారు. వాటిని విప్పి గుంటలో పోసేస్తారనుకున్నాను. ఎవరూ విప్పలేదు. మూతి కట్టిన సంచుల్ని అలాగే నీళ్ల మీద తేలేలా వదిలి అందరూ గట్టు మీద కూర్చున్నారు. చాలాసేపటికి సంచి మూతి విప్పి, మస్తానయ్య గారు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక్కో మగ్గు గుంట నీళ్లు అందులో పోయడం మొదలుపెట్టారు.

"ఆగు నాయనా! సంచిలో ఉప్పు ఇరవై ఉండాది, గుంటలో పన్నెండు. ఇంగా పొయ్యొద్దు, అవి తిరుగుతుండాయో లేదో సూడు."

ఆ గొంతు భవ్యది. చేతిలో నీళ్లలో ఉప్పెంతో చూసే మీటరు, ఒళ్లో పొడుగు నోటు పుస్తకం. నన్ను చూడగానే నోరు మూసుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎందుకమ్మా ఇంతసేపు? ఒకేసారి వదిలేస్తే ఏమవుతుంది?"

నిజంగానే నాకు తెలియదని నమ్మకం కుదిరాక చెప్పింది. "సచ్చిపోతాయి మేడమ్. వాటి నీళ్లు వేరే, మా నీళ్లు వేరే. కొంచెం కొంచెంగా కలపాల. అవి బాగా ఈదితే మళ్లీ కలపాల." మొదలుపెట్టాక ఆగలేదు. మీటరులో ఎలా చూడాలో చూపించింది, నన్ను కూడా చూడమంది, నేను తప్పు చదివితే నవ్వింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను.

మస్తానయ్య గారు నీళ్లలోంచే అన్నారు. "సీడు కోసరం మూడు హేచరీలు తిరిగినా మేడమ్. తొట్లు చూపించమన్నా, తల్లి రొయ్యల్ని చూపించమన్నా. రోగం లేదని ల్యాబు ఇచ్చిన కాగితం చూడందే సంచి దించనీను. వాళ్లకి కోపమొచ్చినా సరే అడుగుతా. పిల్లని బళ్లో వేసేటప్పుడు ఒక్క మాట అడగలా. సదువు చెప్పే చోట ప్రశ్నలేస్తే మర్యాద గాదనుకున్నా."

నేను అప్పుడు అంతా చెప్పేశాను. బ్రిడ్జ్ టీచరు లేదని, లేదని తెలిసే టిక్కు పెట్టానని, బోర్డు గుర్తింపు రాలేదని, తెలుగులో అడగొచ్చని పిల్లతో అబద్ధమాడానని. చెబుతుంటే ఏడుపు వచ్చింది. టీ తెచ్చిన కామాక్షి గ్లాసు నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టేసింది.

"సదువుకున్నదానివి. నువ్వూ ఆడదానివే. నిన్ను నమ్మి ఆయన యాడ చూపిస్తే ఆడ సంతకం పెట్టినాడే. మా పిల్ల నోరే పోయింది గదమ్మా!"

మస్తానయ్య గారు తలెత్తకుండా ఇంకో రెండు మగ్గులు పోశారు. తర్వాత మెల్లగా అన్నారు. "అయిందేదో అయింది. ఇప్పుడేం చేస్తే పిల్లకి బాగుంటాదో అది చెప్పండి. ఈసారి దాచకుండా చెప్పండి."

దాచకుండా చెప్పాను. పాత బడికి వెళ్తే వాళ్లు తప్పకుండా చేర్చుకుంటారు. ఆరుకి దించడానికి ఒప్పుకుంటే ఒక ఏడాది పోతుంది, ఆ పిల్లకి దాని అవసరం లేదు. లేదా మా బడిలోనే ఏడులో ఉంచి, ఇస్తామన్నది ఇవ్వమని బడిని నిలదీయాలి. మూడోదాని కోసం నేను నిలబడతాను గానీ జరిగి తీరుతుందని మాట ఇవ్వలేను. ఆయన కూతురి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు."

భవ్య చాలాసేపు మీటరు గాజు తుడిచింది. "ఇప్పుడు పోతే ఓడిపోయి పోయినట్టు నాయనా. ఈ ఏడు సదివి పోతా."

సోమవారం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద భవ్య అడ్మిషన్ ఫారం, దాంతోపాటు నేను రాసిన కాగితం పెట్టాను. బ్రిడ్జ్ కోర్సు ఇస్తామని చేర్చుకున్నాం, ఒక్క గంట కూడా చెప్పలేదు, కాబట్టి పిల్లని కిందికి దించే హక్కు మనకి లేదు అని అందులో రాశాను. తల్లిదండ్రులు అడిగితే దాని నకలు ఇస్తానని కూడా చెప్పాను.

"షాహిదా గారూ, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అన్నారాయన.

"ఆ టిక్కు పెట్టింది నేను సార్. నా తరఫునే మాట్లాడుతున్నా."

ఆయన చెడ్డ మనిషేమీ కాదు, ఆయన పైన కూడా రోజూ సాయంత్రం 'ఎంతమంది చేరారు?' అని అడిగేవాళ్లు ఉన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి, ఏడాది చివరిదాకా పిల్లని ఏడులోనే ఉంచుతామన్నారు. నెల్లూరు నుంచి ఒక రిటైర్డు ఇంగ్లీషు టీచరమ్మ వారానికి మూడు రోజులు రావడం మొదలైంది. క్లాస్ టీచరుది చెన్నై వైపు, తెలుగు అంతంతమాత్రం. ఆవిడే ముందుకొచ్చి, "నా పీరియడ్‌లో ఆమె తెలుగులో అడగనీ, అలాగైనా నాకూ తెలుగు అలవాటవుతుంది" అంది. మిగతా టీచర్లు ఒప్పుకోలేదు.

డిసెంబరులో భవ్య మళ్లీ క్లాసు ముందు నిలబడింది. ఈసారి అట్ట లేదు. ఒక బకెట్టు గుంట నీళ్లు, ఒక మగ్గు, ఆ మీటరు తెచ్చుకుంది. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పింది. రెండు చోట్ల ఆగిపోతే ముందు బెంచీ పిల్ల మాట అందించింది. తలుపు బయట నిలబడి విన్నాను. పోర్టు ఆఫీసరు కొడుకు ఒకడు, ఉప్పు తక్కువైందని రొయ్య మనకెలా చెబుతుంది అని అడిగితే, "అదేం చెప్తాది, గమ్మునుంటాది. మనమే చూసుకోవాల" అంది. నాకు ఒక్కసారిగా కళ్లు నిండిపోయాయి.

ఆ తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. ఇంగ్లీషు కాస్త మెరుగైంది, ఏడో తరగతి గడిచింది. ఏప్రిల్‌కి కూడా బోర్డు గుర్తింపు రాలేదు. వాళ్లు పాత బడికే పోదామనుకుని టీసీ అడిగారు. టీసీ అంటే ఈ బడి వదిలి ఇంకో బడిలో చేరడానికి ఇచ్చే కాగితం. చేర్చేటప్పుడు అది ఎన్నాళ్లలో ఇస్తారో అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా అన్ని సంతకాలూ నేనే తిరిగి చేయించాను.

"ఓడిపోయి పోలా మేడమ్. చూసి పోతుండా" అంది భవ్య.

పోతూ పోతూ పొడుగు నోటు పుస్తకంలోంచి చించిన కాగితం ఒకటి ఇచ్చింది. వాళ్ల గుంట షెడ్డులో, హేచరీవాళ్లని అడగాల్సినవన్నీ రాసి గోడకి అంటించుకుంటారట. ఇది బడివాళ్లని అడగాల్సినవి. బోర్డు గుర్తింపు కాగితం చూపిస్తారా? బ్రిడ్జి టీచరు పేరేంది, ఇప్పుడు కలవచ్చా? పోయిన ఏడు ఎంతమంది టీచర్లు మానేసినారు? ఇంటికి రాసే ఉత్తరం తెలుగులో రాస్తారా? పది అయినాక ఇంటర్‌కి ఏం కాగితాలు కావాల? అన్నింటికంటే పైన, కింద రెండు గీతలు గీసి, నన్ను లైబ్రరీ గుమ్మంలో అడిగిన ప్రశ్నే ఉంది.

ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఉంది. వచ్చినవాళ్లకి మా కరపత్రం కంటే ముందు దాని జిరాక్సు ఇస్తాను. ప్రిన్సిపాల్ గారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మొన్నీమధ్య పోర్టులో పనిచేసే దంపతులు కొడుకుని తీసుకొచ్చారు. తల్లి కాగితం చూసి, మొహమాటపడుతూ అన్నింటికంటే పైనున్న తెలుగు ప్రశ్నే పైకి చదివింది. నేను లేచి, వాళ్లని పాఠం జరుగుతున్న ఏడో తరగతిలోకి తీసుకెళ్లి చివరి బెంచీలో కూర్చోబెట్టాను. మొదటి పీరియడ్‌లో ఒక పిల్లవాడు తెలుగులో అడిగితే టీచరు చెప్పింది. రెండో పీరియడ్‌లో ఇంకో పిల్ల అడిగితే సారు ఇంగ్లీషులోనే అడగమన్నారు, ఆ పిల్ల కూర్చుండిపోయింది. తల్లి రెండూ రాసుకుంది. ఆలోచించుకుని చెబుతామన్నారు. గేటు దాకా వెళ్లి సాగనంపాను. వాళ్లు మళ్లీ రాకపోవచ్చు.

భవ్య నన్ను అడిగిన రోజు కూడా నేను చేయాల్సింది ఇదే. అప్పుడు వేసవి కదా, క్లాసులు లేవు. "జూన్‌లో రామ్మా, క్లాసులో కూర్చుని నువ్వే చూద్దువు గాని" అనుంటే సరిపోయేది.